కంపవాతం – మందు, మోతాదు, వైద్యుడు

చేతిరాత మెల్లమెల్లగా చిన్నదవుతుంది. పంక్తి మొదట గుండ్రంగా ఉన్న అక్షరాలు చివరికి వచ్చేసరికి చీమలబారులా కుదించుకుపోతాయి. నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం మానేస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఇంట్లోవారు ఇదంతా వయసు మీదపడటం వల్లనే అనుకొంటారు. భుజం పట్టేసిందని కొందరు ఎముకల వైద్యుని ఆశ్రయించి నెలల తరబడి నొప్పిమాత్రలు వాడతారు. చివరకు ఒడిలో ఊరకే పెట్టుకొన్న చేతివేళ్ళు వణకడం ఎవరి కంటనో పడుతుంది. కంపవాతం లేదా పార్కిన్సన్ వ్యాధి చాలామందిలో ఇలాగే బయటపడుతుంది.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని ఒక చిన్న గ్రంథంలో వర్ణించాడు. అందులోని ఆరుగురు రోగులలో కొందరిని ఆయన వీధిలో చూసి గుర్తించాడు. అప్పటికి దీనికి సరైన మందు లేదు. మధ్యమెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నాడీకణాలు క్రమంగా నశించడం వల్ల ఈ లక్షణాలు కలుగుతాయని ఇరవయ్యో శతాబ్దంలోగాని తెలియలేదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ ప్రభావంతో కదలిక కోల్పోయిన కుందేళ్ళకు డోపా ఇచ్చి మళ్ళీ కదిలేటట్లు చేశాడు. ఆ రెసర్పిన్ మన దేశపు సర్పగంధి వేళ్ళనుండి తీసిన పదార్థమే కావడం విశేషం. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే రోగులకు డోపా ఇచ్చినప్పుడు మొదట్లో ఫలితాలు నిలకడగా రాలేదు. కొద్దిగా ఇస్తే గుణం కనిపించలేదు. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే వాంతులయ్యాయి. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ అనే వైద్యుడు తక్కువ మోతాదుతో ప్రారంభించి, వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతూ పెద్ద మోతాదుకు చేరుకొన్నాడు. అంతకుముందు నమ్మకం కలిగించని మందే ఈ పద్ధతిలో ఫలించింది. తరువాత లెవోడోపాకు కార్బిడోపాను జోడించారు. ఇది లెవోడోపా మెదడుకు చేరకముందే డోపమైన్‌గా మారిపోకుండా అడ్డుకొంటుంది. దానితో వికారం తగ్గింది. తక్కువ మందు సరిపోయింది.

నేటికీ వైద్యులు ఆ క్రమాన్నే పాటిస్తున్నారు. 100 మిల్లీగ్రాముల లెవోడోపా ఉన్న మాత్రలో సగంతో ఆరంభించి, కొన్ని వారాలలో రోజుకు మూడుపూటలకు పెంచడం పరిపాటి. మొదటి వారంలోనే వణుకు పోలేదని మందును తప్పుపట్టడం తొందరపాటు. పైగా ఈ మందు బిగుతును, మందగమనాన్ని తగ్గించినంతగా వణుకును అందరిలోనూ తగ్గించదు.

‘మందు ఇప్పుడే వాడేస్తే రేపు పనిచేయదు’ అనే భయం రోగులలోనే కాక కొందరు వైద్యులలో కూడా చాలాకాలం ఉండేది. నెదర్లాండ్స్‌లో 445 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2019లో వెలువడింది. ముందుగా మందు ప్రారంభించినవారికీ, 40 వారాల తరువాత ప్రారంభించినవారికీ 80 వారాల చివర వ్యాధి స్థితిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. లెవోడోపా వ్యాధిని ఆపలేదు, అలాగని పెంచనూ లేదు. కనుక చొక్కా గుండీ పెట్టుకోలేనివాడు భవిష్యత్తుకోసం మందును దాచుకొని బాధపడటంలో అర్థం లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ మందు ప్రభావం పూట మధ్యలోనే తగ్గడం, అసంకల్పిత కదలికలు కలగడం నిజమే. అప్పుడు మోతాదునూ వేళలనూ మళ్ళీ సవరించవలసి ఉంటుంది.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు డోపమైన్‌ను అనుకరిస్తాయి. వయసు తక్కువగా ఉన్నవారికి వీటితో చికిత్స మొదలుపెట్టడం కద్దు. వీటివల్ల కొందరికి పగటిపూట ఆపుకోలేని నిద్ర వస్తుంది. మరికొందరు ఎన్నడూ లేనిది పేకాటకో, విచ్చలవిడి కొనుగోళ్ళకో లోనవుతారు. కుటుంబసభ్యులు దానిని బుద్ధిలోపంగా భావించి నిందిస్తారే తప్ప మాత్రతో ముడిపెట్టరు. వైద్యునితో మొదట చెప్పవలసిన సంగతి అదే.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఉదాహరణగా తీసుకోవచ్చు. మందు మొదలుపెట్టిన తరువాత ఉదయం బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం మాత్రం కాళ్ళు నేలకు అతుక్కొన్నట్లుండేవి. మందు పనిచేయడంలేదని ఆయన నాలుగు నెలల్లో ముగ్గురు వైద్యులను మార్చాడు. ప్రతి వైద్యుడూ ఏదో ఒక మాత్ర కలిపాడు. పాతచీటీ చూపకపోవడంతో ఏది గుణమిచ్చిందో, ఏది మగత కలిగించిందో తేలలేదు. తల తిరుగుతోందని దగ్గరలోని మందులదుకాణంలో సిన్నరిజిన్ కూడా కొని వాడాడు. తలతిరుగుడుకు ఇచ్చే ఈ మందు, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కంపవాత లక్షణాలను పెంచగలవు. బంధువులిచ్చిన దూలగొండి గింజల పొడి మరొకటి. ఆ గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంది, కాని చెంచాడు పొడిలో ఎంత ఉన్నదీ ఇంట్లో కొలవలేరు. విసిగిపోయి మందులన్నీ ఒక్కసారిగా మానివేయడం ఇంకా ప్రమాదకరం. అలా మానినవారిలో కొందరికి తీవ్రమైన బిగుతుతో పాటు జ్వరం వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు.

వైద్యుని మార్చడమే తప్పని దీని భావం కాదు. ఈ వ్యాధిని నిర్ధారించడానికి మామూలు రక్తపరీక్ష ఏదీ లేదు. వైద్యుడు రోగిని పరీక్షించి, మందుకు శరీరం స్పందించే తీరును బట్టి నిర్ణయిస్తాడు. తగిన మోతాదులో లెవోడోపా ఇచ్చినా గుణం కనిపించకపోయినా, మొదటి సంవత్సరాలలోనే తరచుగా పడిపోతున్నా అది దీనిని పోలిన వేరొక వ్యాధి కావచ్చు. అప్పుడు నాడీవ్యాధుల నిపుణుని, వీలైతే కదలికల రుగ్మతలలో ప్రత్యేక అనుభవం గల వైద్యుని, సంప్రదించడం అవసరం. చెప్పేది వినకుండానే చీటీ రాసేవారిని విడిచిపెట్టడంలోనూ తప్పులేదు. వెళ్ళేటప్పుడు పాతచీటీలన్నీ వెంట ఉండాలి.

నాలుగో వైద్యురాలు ఉపాధ్యాయుని చేత రెండువారాలపాటు ఒక పుస్తకంలో రాయించింది. ఏ గంటకు మాత్ర, ఏ గంటకు భోజనం, ఎప్పుడు నడక సులువయింది, ఎప్పుడు బిగిసింది. మధ్యాహ్నపు మాత్రను ఆయన ముద్దపప్పు, పెరుగు తిన్న వెంటనే వేసుకొంటున్నట్లు తేలింది. మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వచ్చే అమైనో ఆమ్లాలు లెవోడోపాతో పోటీపడి దానిని రక్తంలోకి, మెదడులోకి పోనీయవు. ఇనుపధాతువు మాత్రలు కూడా దానిని అడ్డుకొంటాయి. ఆమె దూలగొండి పొడిని, సిన్నరిజిన్‌ను మాన్పించింది. లెవోడోపా మోతాదు పెంచలేదు. మధ్యాహ్నపు మాత్రను భోజనానికి అరగంట ముందుకు జరిపింది. తరువాతిసారి ఆయన పుస్తకం తెచ్చినప్పుడు వైద్యురాలు వేళలతో పాటు చేతిరాతను కూడా పరిశీలించింది. మధ్యాహ్నం మూడు గంటలకు రాసిన పంక్తులలో అక్షరాలు చివరివరకు ఒకే పరిమాణంలో ఉన్నాయి.