దీవి మనిషే శాస్త్రవేత్త అయితే

2021 ఏప్రిల్ 8 సాయంత్రం కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ దీవిలో ప్రధానమంత్రి రాల్ఫ్ గొన్సాల్వెస్ రేడియో, టీవీల ముందుకొచ్చారు. లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం చుట్టూ ఉన్న ఊళ్లన్నీ వెంటనే ఖాళీ చేయాలన్నారు. వేలమంది చీకట్లోనే మూటాముల్లె సర్దుకుని దక్షిణం వైపు కదిలారు. మర్నాడు ఉదయం 8 గంటల 41 నిమిషాలకు కొండ పేలింది. బూడిద సముద్రం దాటి బార్బడోస్ మీద కూడా కురిసింది. ఇళ్ల కప్పులు కూలాయి, పంటలు పోయాయి, తాగునీటికి కటకట వచ్చింది. అయినా పేలుడు నేరుగా బలిగొన్న ప్రాణం ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం జనం ఎందుకు కదిలారన్నది తెలుసుకోవలసిన సంగతి. కొండలో లావా ఊరడం మొదలై అప్పటికే మూడు నెలలు దాటింది. అన్నాళ్లూ అది చప్పుడు లేకుండా కుప్పలా పెరిగిందే తప్ప పేలలేదు. 1971లోనూ ఇలాగే లావా కుప్ప పెరిగి, పేలుడు లేకుండానే ఆగిపోయింది. ఈసారీ అంతేనని ఎవరైనా అనుకుంటే తప్పుపట్టలేం. కానీ స్థానిక రేడియోలో రిచర్డ్ రాబర్ట్‌సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త పరిస్థితిని క్రమం తప్పకుండా వివరిస్తూ వచ్చారు. ఏ యంత్రం ఏం చెబుతోందో, తమకు ఏది తెలుసో, ఏది ఇంకా తెలియదో విడమరచి చెప్పేవారు. ఆయన ఆ దీవి మనిషే. వినేవాళ్ల మాట తీరు ఆయనకు తెలుసు, ఆయన గొంతు వాళ్లకు తెలుసు. అలాంటి మనిషి ఇక ఉండవద్దంటే అనుమానించేవాళ్లు తక్కువ.

ఈ నమ్మకం ఒక్కరోజులో పుట్టలేదు. 1902 మే 7న ఇదే కొండ పేలి దాదాపు 1,600 మందిని పొట్టనబెట్టుకుంది. మర్నాడే దగ్గర్లోని మార్టినిక్ దీవిలో మౌంట్ పెలే పేలి సెయింట్ పియెర్ పట్టణాన్ని, సుమారు 28 వేల మందిని మసిచేసింది. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 1953లో, ట్రినిడాడ్ కేంద్రంగా ఒక పరిశోధన విభాగం మొదలైంది. నేడు అది వెస్టిండీస్ విశ్వవిద్యాలయం వారి భూకంప పరిశోధన కేంద్రం. తూర్పు కరీబియన్‌లోని ఇంగ్లిష్ మాట్లాడే దీవులన్నిటి భూకంపాలనూ అగ్నిపర్వతాలనూ కనిపెట్టుకుని ఉండేది అదే. లక్ష జనాభా ఉన్న దేశానికి సొంతంగా ఇలాంటి కేంద్రం నడిపే స్తోమత ఉండదు. అందుకే దీవులు తలా కొంత వేసుకుని ఒకదాన్ని నడుపుకుంటున్నాయి.

2005లో ఈ కేంద్రం ఆ దీవుల అగ్నిపర్వతాలపై ఒక అట్లాసు వెలువరించింది. న్యూజిలాండ్‌కు చెందిన జాన్ లిండ్సే, రాబర్ట్‌సన్, జాన్ షెపర్డ్, షాహిబా అలీ దాని సంపాదకులు. దీవి దీవికీ ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ రంగుల్లో ప్రమాద ప్రాంతాలు గీశారు. 2021లో ఎవరు ముందు కదలాలో తేల్చింది ఈ రంగులే. కొండ చుట్టూ ఉన్న ఊళ్లలో జనంతో కూర్చుని సన్నాహక ప్రణాళికలు వేసే పని కూడా అంతకు ముందే జరిగింది. ముప్పు ముంచుకొచ్చేసరికి ఎరుపు ప్రాంతమంటే ఏమిటో కొత్తగా నేర్పవలసిన అవసరం రాలేదు.

బయటి నిపుణులు అక్కర్లేదని దీని అర్థం కాదు. పరికరాలు, ఉపగ్రహ చిత్రాలు, డబ్బు చాలావరకు బయటి నుంచే వస్తాయి. ఇబ్బందల్లా వచ్చి, కొలిచి, వెళ్లిపోయే పద్ధతితోనే. విపత్తు జరిగిన వారానికి విమానం దిగి, పదిరోజులు నమూనాలు ఏరుకుని, ఏడాది తర్వాత ఎక్కడో ఒక పత్రం ప్రచురించే బృందం వల్ల ఆ దీవికి మిగిలేది స్వల్పం. సమాచారం విదేశీ కంప్యూటర్లలో ఉండిపోతుంది. దారి చూపినవాడి పేరు వ్యాసం చివరి కృతజ్ఞతల్లో ఎక్కడో కనిపిస్తుంది. సిస్మోమీటర్ బ్యాటరీ అయిపోయినప్పుడు, బూడిద పడి సోలార్ పలక మూసుకుపోయినప్పుడు కొండెక్కి బాగుచేయవలసింది అక్కడే ఉండే టెక్నీషియన్. ఆ మనిషి జీతానికి గ్రాంటు ఇచ్చేవారు అరుదు. ఇది అన్యాయమే కాదు, ప్రమాదం కూడా.

ఈ పద్ధతికి అడ్డుకట్టను ఇండోనేషియా చట్టంలోనే రాసుకుంది. 2019లో వచ్చిన శాస్త్ర సాంకేతిక చట్టం ప్రకారం విదేశీ పరిశోధకులు అక్కడి శాస్త్రవేత్తలను భాగస్వాములుగా తీసుకుని తీరాలి.

పసిఫిక్‌లోని వనువాటు మరో తీరులో పాఠం నేర్పింది. అక్కడి అంబే దీవి నడిబొడ్డున అగ్నిపర్వతం, దాని శిఖరాన సరస్సులు ఉన్నాయి. కొండ కోపం పాత కట్టుబాట్లు తప్పినందుకు పడే శిక్ష అని ఊరి పెద్దల నమ్మకం. శాస్త్రవేత్తలు గీసిన పటాలకూ ఈ లోకానికీ మధ్య వంతెన లేదు. న్యూజిలాండ్ అగ్నిపర్వత శాస్త్రవేత్త షేన్ క్రోనిన్, అక్కడి భూగర్భ శాఖకు చెందిన డగ్లస్ చార్లీ, మరికొందరు కలిసి గ్రామస్థులతో కార్యశాలలు నడిపారు. ఊళ్లవాళ్లు తమ చోటు పటాన్ని తామే గీశారు, బురద ప్రవాహం ఏ వాగు వెంట వస్తుందో పాత కథల ఆధారంగా చెప్పారు. శాస్త్రవేత్తలు తమ అంచనాలను వాటి పక్కన పెట్టారు. ఆ అనుభవాన్ని 2004లో పరిశోధన పత్రంగా ప్రచురించారు.

2017 సెప్టెంబరులో ఆ కొండ నిజంగానే రేగింది. సుమారు 11 వేలమందిని, అంటే దీవి దీవినే, పొరుగు దీవులకు తరలించారు. మరుసటి ఏడాది మళ్లీ తరలించవలసి వచ్చింది. అప్పుడు కొండను కనిపెట్టిందీ, ప్రమాద స్థాయిని ప్రకటించిందీ వనువాటు వాతావరణ, భూ విపత్తుల శాఖలోని సొంత నిపుణులే.

పాత కథలను శాస్త్రవేత్తలు కొట్టిపారేయకూడదనడానికి వనువాటులోనే గట్టి సాక్ష్యం ఉంది. ఒకప్పుడు కువాయే అనే పెద్ద దీవి ఉండేదనీ, అది ముక్కలైపోయిందనీ, తప్పించుకున్న వారిలో ఒకరు తర్వాత తొంగోవా దీవికి నాయకుడయ్యాడనీ అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 1960లలో ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త జోసె గారాంజె ఆ చోట్ల తవ్వి సమాధులు బయటపెట్టారు. వాటి కాలమూ విస్ఫోటనం కాలమూ 15వ శతాబ్దం వైపే చూపాయి. ఫిజీలోని కడావు దీవిలోనూ అంతే. అక్కడ కొండ మనుషుల కాలంలో పేలలేదని శాస్త్రవేత్తలు అనుకునేవారు, కథలు పేలిందనేవి. రోడ్డు కోసం తవ్వినచోట బూడిద పొర కింద కుండపెంకులు బయటపడ్డాక కథల మాటే నిలిచింది.

కథ తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా 2007 ఏప్రిల్ 2న సోలమన్ దీవుల్లో విషాదంగా తేలింది. 8.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. గిజో దీవి తీరంలో నీరు వెనక్కి పోయింది. పూర్వం నుంచీ అక్కడ ఉంటున్నవాళ్లు గుట్టలెక్కారు. 1950, 60లలో కిరిబాటి నుంచి తెచ్చి స్థిరపరచిన కుటుంబాలకు అది సునామీ సూచన అన్న ఎరుక లేదు. బయటపడ్డ నేలను చూడటానికి కొందరు పిల్లలు కిందికి దిగారు. దేశంలో మరణించిన 52 మందిలో వలస వచ్చినవారి వాటా వారి జనాభాకు మించి ఉంది. ఒకే అల, ఒకే తీరం. ఇందుకు భిన్నంగా, ఇండోనేషియాలోని సిమెయులుయే దీవిలో 1907 సునామీ జ్ఞాపకాన్ని పెద్దలు పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అంత చేరువలో ఉన్నా, సుమారు 78 వేల జనాభాలో పోయింది ఏడుగురే.

అయితే సంప్రదాయ జ్ఞానాన్ని పూజించి వదిలేయడమూ తగదు. ఏ తరమూ చూడని ప్రమాదం గురించి కథ ఉండదు. 2022 జనవరి 15న టోంగా సమీపంలో హుంగా టోంగా-హుంగా హాపై సముద్రగర్భ అగ్నిపర్వతం 50 కిలోమీటర్లకు పైగా ఎత్తుకు బూడిదను ఎగజిమ్మినప్పుడు అలాంటిదే జరిగింది. దానికి ముందురోజే టోంగా భూగర్భ సేవల విభాగం సిబ్బంది పడవలో దగ్గరి దాకా వెళ్లి దృశ్యాలు తీసుకొచ్చారు. ప్రపంచం మొత్తానికీ ఆ దశ గురించి అంత దగ్గరి ఆధారం అదే. పేలుడు సముద్రగర్భ కేబుల్‌ని తెంపేసింది, దేశం వారాల తరబడి ప్రపంచానికి సరిగా అందలేదు. బయటి శాస్త్రవేత్తలు లెక్కలు వేస్తూ కూర్చున్న ఆ రోజుల్లో నేల మీద ఉన్నది టోంగావాళ్లే. కొద్ది నెలలకు వారూ, క్రోనిన్ బృందమూ కలిసి సముద్రగర్భాన్ని కొలిచారు. అంతకు ముందు దాదాపు 150 మీటర్ల లోతున్న బిలం 850 మీటర్లకు దిగబడినట్టు తేలింది.

హిందూ మహాసముద్రంలోని దీవులకు సునామీ హెచ్చరికలు హైదరాబాద్ నుంచి కూడా వెళతాయి. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో పాటు అది ఈ మహాసముద్ర తీర దేశాలన్నిటికీ సూచనలు పంపుతుంది. మాల్దీవులు, సీషెల్స్, తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మారిషస్ అందులో ఉన్నాయి. సందేశం ఆ దేశ అధికారి తెర మీదికి నిమిషాల్లో చేరుతుంది. అక్కడి నుంచి రేవులోని పడవవాడి దాకా తీసుకెళ్లే పనిని హైదరాబాద్ చేయలేదు. ఏ ఊళ్లో ముసలివాళ్లు ఎక్కువ, ఏ దారి వానకు తెగిపోతుంది, ఎవరు చెబితే రేవు కదులుతుంది అన్నవి తెలిసినవాళ్లు అక్కడే ఉండాలి. 2020లో యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం ‘సునామీ రెడీ’ గుర్తింపు ఇచ్చిన ఒడిశా ఊళ్లు వెంకట్రాయపూర్, నోలియాసాహి కూడా ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. ముంపు పటం, తప్పించుకునే దారులు సిద్ధం చేసుకుని, ఊరి మనుషులతోనే కమిటీ వేసి, ఇన్‌కాయిస్ సాయంతో కసరత్తులు చేశాక ఆ గుర్తింపు వచ్చింది. అది శాశ్వతం కాదు, గడువు తీరినప్పుడల్లా ఆ ఊళ్లు తమ సన్నద్ధతను మళ్లీ రుజువు చేసుకోవాలి.