కందిలి వెలుగులో రెండు రాత్రులు

నందికొండ అనగానే మనకు నీళ్లు, కరెంటు గుర్తుకొస్తాయి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసింది అక్కడే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. తర్వాతి ఏళ్లలో అక్కడ కరెంటు తయారీ మొదలైంది. ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు.

అదే నల్లగొండ జిల్లాలో, దేవరకొండ దాటాక నల్లమల అంచున, మా వారి పెద్దనాన్నగారికి నాలుగెకరాల చెలక ఉంది. అక్కడ కరెంటు లేదు. చుట్టూ అడవి. ఆ అడవిలోంచి స్తంభాలు, తీగలు వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. నాలుగు పొలాల కోసం అంత దూరం తీగ లాగేవారెవరు?

జనవరి సెలవుల్లో పిల్లలిద్దరినీ తీసుకుని రెండు రాత్రులు అక్కడ ఉండి వచ్చాము. పట్నపు హడావుడికి దూరంగా కాస్త ప్రశాంతంగా గడపాలన్నది మా కోరిక.

మొదటి రాత్రి

పొద్దు గూకగానే పెద్దత్తగారు కందిలి గాజు తుడిచి, వత్తి సరిచేసి వెలిగించారు. పిల్లల సెల్‌ఫోన్లు అప్పటికే ఆగిపోయాయి. కాసేపు ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుతున్న వాసనకు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. ఉన్న దీపం ఒకటే కనుక అందరమూ దాని చుట్టూనే కూర్చున్నాము. మా ఇంట్లో నలుగురమూ ఒకేసారి భోంచేసి ఎన్నాళ్లయిందో! బడిలో తనను ఏడిపిస్తున్న పిల్లవాడి సంగతి మా చిన్నవాడు ఆ రాత్రే మొదటిసారి చెప్పాడు. ప్రార్థన చేసుకుని బయటికి వస్తే ఆకాశం నిండా చుక్కలు.

అడవిపందులు కంది చేను మీద పడకుండా పెద్దమామగారు మంచె మీద కాపలా ఉంటారు. మా పెద్దవాడు కూడా వెళ్లి, తెల్లవారేదాకా డబ్బా కొట్టి, గొంతు బొంగురుపోయి వచ్చాడు.

“ఎంత హాయిగా ఉందత్తమ్మా! ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది” అన్నాను. ఆమె నవ్వి ఊరుకున్నారు.

రెండవ రాత్రి

మరునాడు రాత్రి నేను చెప్పుల్లేకుండా వాకిట్లోకి దిగబోతే ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆగు బిడ్డా. కందిలి పట్టుకొని పో” అని తన కుడికాలు చూపించారు. మడమ పైన కండ కరిగి, గుంటపడి ఉంది. మూడేళ్ల కిందట ఇదే వాకిట్లో రక్తపింజరి కరిచిందట. దీపం వెలిగించేసరికి అది లేదు. మామగారు, పక్క చేనువాళ్లు ఆమెను మంచం మీద పెట్టి, చీకట్లో బాట వెతుక్కుంటూ రోడ్డుదాకా మోశారు. ఆసుపత్రిలో ప్రాణం నిలిచింది కానీ కాలు మునుపటిలా కాలేదు.

“నీకు రెండు దినాల ముచ్చట. మాకు రోజూ గిదే” అన్నారామె. ఆ మాటలో కోపం లేదు. నాకే తలవంపుగా అనిపించింది.

మంచె ఎక్కబోతూ పెద్దమామగారు ఆగి, “మా నాయిన సాగర్ కట్ట మీద రాళ్లు మోసిండు. కరెంటు అందరికీ పోయింది. మా కొట్టానికి ఇంకా రాలే” అన్నారు.

చీకటి మాకు విశ్రాంతి అయింది. ఎందుకంటే ఇంటికెళ్తే స్విచ్చు మా చేతిలో ఉంటుంది. స్విచ్చే లేనివారికి అది విశ్రాంతి కాదు, ప్రతి అడుగూ భయమే.

చేయగలిగినవి

పొలాల్లో, అడవి అంచున ఉండే కుటుంబాలు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. రాత్రి దీపం, చెప్పులు, చేతికర్ర లేకుండా బయట అడుగు పెట్టవద్దు. కట్లపాము నేలమీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది, ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. కనుక మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. పాము కరిస్తే గాయాన్ని కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన కాలు గాని చెయ్యి గాని కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. మంత్రాలకు, పసర్లకు పోతే విలువైన సమయం పోతుంది.

ఇంటికి వచ్చాక మేము రెండు పనులు చేశాము. ఎండతో ఛార్జి అయ్యే దీపాలు రెండు కొని పంపాము. ఒకటి వాకిట్లో, ఒకటి మంచె మీద వెలుగుతున్నాయి. ఇక మా ఇంట్లో వారానికొక రాత్రి టీవీ, సెల్‌ఫోన్లు కట్టేసి ఒకే దీపం దగ్గర కూర్చుని భోంచేస్తున్నాము.

ప్రియ పాఠకులారా, మీ ఊరి శివారున కూడా ఇలా చీకట్లో ఉన్న కొట్టం ఒకటి ఉండవచ్చు. ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి రండి. వెళ్లేటప్పుడు ఒక దీపం పట్టుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలి రండి.