వేపాకు కషాయము - కాన్సరు మందు కొలత

వేపాకు కషాయమనగానే నులిపురుగులు, చర్మరోగములు గృహిణులకు జ్ఞప్తికి వచ్చును. అట్టి కషాయములే కాన్సరు మందు రక్తములో ఎంత ఉన్నదో కనిపెట్టు పరికరముల పరిశోధనకు కూడ ఉపకరించుచున్నవనిన ఆశ్చర్యము కలుగక మానదు.

మెథోట్రెక్సేట్ అను ఔషధమును ఉదాహరణముగా గైకొందము. దీని పుట్టుకలో తెలుగువాని హస్తము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు ఫోలిక్ ఆమ్లముపై పరిశోధనలు సాగించిరి. ఆకుకూరలలో లభించు ఈ విటమిను లేనిదే కణములు వృద్ధి చెందవు. దానికి అడ్డుపడు పదార్థములను వారి బృందము తయారుచేసినది. అందొకటైన అమినాప్టెరిన్ వలన రక్తకాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనము కలిగెనని 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించెను. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

ఈ మందు రోగకణమును, మంచికణమును వేరుచేసి చూడదు. అధిక మోతాదున సిరలోనికి ఎక్కించినపుడు మూత్రపిండములు దానిని సకాలమున బయటికి పంపవలెను. పంపలేనిచో నోటిపూత, రక్తకణముల క్షీణత, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము. అందుచే 24, 48, 72 గంటలకు రక్తము తీసి, లూకోవోరిన్ అను విరుగుడు ఎంత ఇవ్వవలెనో వైద్యులు నిర్ణయింతురు. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రములు కావలెను. అవి లేనిచోట రక్తపు నమూనా దూరము పోయి రావలెను. విరుగుడు విషయములో ఆ గంటలే ముఖ్యము.

మధుమేహులు ఇంట వాడు గ్లూకోమీటరువంటి చిన్న పరికరము దీనికీ ఉన్న బాగుండునుగదా! మెథోట్రెక్సేట్ కార్బను ఎలక్ట్రోడుపై తగిన వోల్టేజి వద్ద ఎలక్ట్రానులను వదలును. మందు హెచ్చిన కొలది విద్యుత్ ప్రవాహము హెచ్చును. అయితే ఆ సంకేతము మిక్కిలి స్వల్పము. ఎలక్ట్రోడుపై లోహపు నానోకణములను పూసినచో ఉపరితలము పెరిగి సంకేతము బలపడును. మన వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఈ కణములు 100కు లోపే.

వేప ప్రవేశించునది ఇచ్చటనే. లోహలవణమునుండి ఈ కణములను రాబట్టుటకు సాధారణముగా తీక్ష్ణ రసాయనములు వాడుదురు. వాటికి బదులు ఆకులలోని పాలీఫినాలులు మున్నగు పదార్థములు ఆ పనిచేయగలవు. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు వేపాకు రసముతో వెండి, బంగారు నానోకణములు తయారుచేసి 2004లో ప్రకటించిరి. రంగులేని వెండి ద్రావణము గోధుమవర్ణమునకు మారుటయే కణములు ఏర్పడుటకు గుర్తు. ఎలక్ట్రోడుపై డి.ఎన్.ఎ. వంటి జీవపదార్థమును కూడ నిలిపిన దానిని జీవసంవేదిని అందురు.

చిక్కులు లేకపోలేదు. చెట్టును బట్టి, ఋతువును బట్టి ఆకురసము మారును. కణముల పరిమాణమూ మారును. మందులందు ద్రవ్యము సేకరించు కాలము ముఖ్యమని మన వైద్యులు ఏనాడో చెప్పినదే ఇక్కడను అడ్డువచ్చుచున్నది! రక్తములోని యూరిక్ ఆమ్లము, విటమిన్ సి కూడ ఎలక్ట్రానులను వదలి లెక్క తప్పించగలవు. కావున ఈ పరికరములు చాలవరకు ప్రయోగశాల దశలోనే ఉన్నవి.

ఒక హెచ్చరిక. ఆ వెండిద్రావణము సేవించుటకు కాదు. ఈ చికిత్సలోనున్నవారు ఏ కషాయమునుగాని, ఫోలిక్ ఆమ్లపు టానిక్కునుగాని వైద్యునికి చెప్పక వాడరాదు. ఒళ్ళునొప్పులకని మనము తేలికగా మ్రింగు కొన్ని బిళ్ళలు సైతము ఈ మందు మూత్రముద్వారా పోవుటను ఆలస్యము చేయును.