వస్తాద్ దాచుకున్న పట్టు
(జాన్ సీనా కొత్తవాళ్ళను పైకి తెచ్చాడా, తొక్కేశాడా?)

భామ్రాగడ్, సిరొంచ వైపు మా ఇళ్ళల్లో తెలుగూ మరాఠీ కలిసే నడుస్తాయి. మరాఠీలో కుస్తీ నేర్పే గురువును వస్తాద్ అంటారు. వస్తాద్ శిష్యుడికి అన్ని పట్లూ నేర్పుతాడు, ఒక్కటి మాత్రం తన దగ్గరే దాచుకుంటాడు అని ఒక సామెత. శిష్యుడు ఎదురు తిరిగిన రోజు పనికొస్తుందని! టీవీలో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీకి ఈ మాట ఎంతవరకు సరిపోతుందో చూద్దాం. అందుకు జాన్ సీనాను తీసుకుందాం. మన హైదరాబాద్‌కు వచ్చి ఆడి వెళ్ళినవాడే.

ముందుగా ఒక సంగతి. డబ్ల్యూడబ్ల్యూఈలో ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. "అయితే అంతా ఉత్తదే కదా" అంటారు చాలామంది. కింద పడటం, దెబ్బలు తగలడం ఉత్తవి కావు. ఫలితం మాత్రం రాసిపెట్టి ఉంటుంది. బుర్రకథలో వంతలు తందాన పలికితేనే కథకుడికి ఊపు వస్తుంది. ఇక్కడా అంతే. ఓడేవాడు ఎలా ఓడాడన్న దాన్నిబట్టే గెలిచినవాడికి పేరు. అందుకే పెద్ద పేరున్నవాడు ఒక్కసారి ఓడితే కొత్తవాడికి అది ఆస్తి.

సీనా కూడా అలా వచ్చినవాడే. 2002 జూన్ 27న ఒలింపిక్ విజేత కర్ట్ ఆంగిల్ "ఎవరైనా రండి" అని సవాలు విసిరితే, ఎవరికీ తెలియని సీనా రింగ్‌లోకి దిగాడు. ఓడిపోయాడు. కానీ ఆంగిల్ అతన్ని రెండు నిమిషాల్లో తీసిపారేయలేదు, అతని చేతిలో బాగా దెబ్బలు తిని చివరికి గెలిచాడు. కుర్రాడిలో దమ్ముందని ఆ రాత్రే జనానికి తెలిసింది.

మరి తన వంతు వచ్చినప్పుడు సీనా ఏం చేశాడు? 2010లో వేడ్ బారెట్ నాయకత్వంలో నెక్సస్ అనే కొత్తవాళ్ళ గుంపు వచ్చింది. కొన్ని వారాలపాటు అందరినీ వణికించారు. ఆ ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో సీనా జట్టుతో పోటీ. చివరికి సీనా ఒక్కడే మిగిలాడు, అటువైపు ఇద్దరు. వాళ్ళు అతన్ని బయట కాంక్రీట్ నేలమీద తలకిందులుగా కొట్టారు. అయినా లేచి, ఇద్దరినీ గబగబా ఓడించేశాడు. అంత దెబ్బ కొట్టినా ఏమీ కాలేదంటే ఇక వాళ్ళకు ఎవరు భయపడతారు? నెక్సస్ ఊపు అక్కడితో పోయింది. సీనా జట్టులోనే ఉన్న ఎడ్జ్, క్రిస్ జెరికో ఈ ముగింపు వద్దని ముందే వాదించామని తర్వాత చెప్పారు.

2015కి వచ్చేసరికి సంగతి వేరు. మే 31న కెవిన్ ఓవెన్స్ ప్రధాన జట్టులో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే సీనాను ఓడించాడు. మోసం లేదు, ఎవరి సాయమూ లేదు. తర్వాతి మ్యాచ్‌లు సీనా గెలిచినా, ఓవెన్స్‌కు వచ్చిన స్థాయి పోలేదు. మరుసటి ఏడాదే పెద్ద టైటిల్ గెలిచాడు. 2013లో డేనియల్ బ్రయన్, 2016లో ఏజే స్టైల్స్ కూడా సీనాను ఓడించి పైమెట్టు ఎక్కినవాళ్ళే.

ఇక మన హైదరాబాద్. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో సీనా, సేత్ రాలిన్స్‌తో కలిసి గెలిచాడు. జనం గొంతులు పోయేలా అరిచారు. అదే రాత్రి మన దేశపు షాంకీ, గుంథర్ చేతిలో ఓడాడు. రెండు వారాలు తిరక్కుండానే కంపెనీ షాంకీని పంపించేసింది. షాంకీ జలంధర్‌లో గ్రేట్ ఖలీ పెట్టిన అకాడమీలో నేర్చుకున్నవాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో మొదటి భారతీయ మహిళ కవితా దేవి కూడా అక్కడే నేర్చుకుంది. 2017లో సల్వార్ కమీజ్‌తో రింగ్‌లో దిగింది ఆమెనే. ఖలీ వస్తాద్‌గా పట్లు నేర్పగలిగాడు, కానీ శిష్యులకు గెలుపు రాసిపెట్టడం అతని చేతిలో లేదు.

సీనా విషయంలోనూ రాసేది కంపెనీయే, నిజమే. కానీ అంత పెద్ద స్టార్ సరే అన్నా, వద్దన్నా ఆ మాటకు బరువుంటుంది. 2025 డిసెంబర్ 13న తన ఆఖరి మ్యాచ్‌లో అదే గుంథర్ పట్టుకు లొంగి, చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. మంచి పనే. అయితే గుంథర్ అప్పటికే పెద్దవాడు, సీనా వెళ్ళిపోతున్నవాడు. అప్పుడు ఇవ్వడం సులువు. 2010లో ఇచ్చి ఉంటే కష్టమయ్యేది, కానీ అవసరమైనవాళ్ళకు అందేది.

నా లెక్క ఇది: తను శిఖరం మీదున్నప్పుడు సీనా పట్టు దాచుకున్నాడు, దిగుతున్నప్పుడు నేర్పాడు. ఎవరిని ఎన్నిసార్లు ఓడించాడని కాక, ఓడినవాడి చేతిలో ఏం మిగిల్చాడని చూస్తే నాకు ఇలాగే కనిపిస్తోంది. సీనా అభిమానులు ఒప్పుకోరని తెలుసు. పక్కన ఖాళీ కాగితం అతికించాం, మీ వాదన రాయండి.

— బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థిని