ఆ మాత్ర ఎందుకో పిల్లాడికి చెప్పాలి

మన లైన్లలో హెచ్‌ఐవి మాట వస్తే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. పెద్దోళ్ళ సంగతి అటుంచండి. పుట్టుకతోనే తల్లి నుంచి అంటుకున్న పిల్లలు మన రాయచూరు జిల్లాలోనూ ఉన్నారు. వాళ్ళ గురించే రాస్తున్నా.

మందుకు కొరత లేదు. సర్కారు 2004 ఏప్రిల్ నుంచి ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. పిల్లల కోసమని 2006లో వేరే కార్యక్రమం పెట్టారు. రాయచూరు రిమ్స్‌లో ఆ కేంద్రం ఉంది. రోజూ తప్పకుండా వేసుకుంటే క్రిమి పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతుంది. పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, ఆడతారు, చదువుతారు. మానేస్తూ వేసుకుంటూ ఉంటే మందే పనిచేయకుండా పోతుంది. రింగ్ ఫ్రేము మీద పోగు తెగితే అతికించేవాళ్ళం. ఇక్కడ తెగనివ్వనే కూడదు.

నాకు తెలిసిన ఒక అవ్వ మనవణ్ణి సాకుతోంది. ఊరు, పేరు రాయను. తల్లిదండ్రులు లేరు. "ఇది బలం మాత్ర నాయనా" అని రోజూ రాత్రి వేసేది. పదకొండేళ్ళు వచ్చాక వాడికి అనుమానం వచ్చింది. బలంగానే ఉన్నాను కదా, ఎందుకు మింగాలని దొంగచాటుగా మోరీలో పారేశాడు. రక్తపరీక్షలో క్రిమి పెరిగిందని బయటపడింది. అప్పుడు కౌన్సెలర్ అమ్మ అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి అర్థమయ్యే మాటల్లో రోగం పేరు చెప్పింది. వాడు అడిగింది ఒక్కటే: "మా అమ్మ పోయింది కూడా దీంతోనేనా?" అవ్వ అవునంది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదట. ఇప్పుడు వాడే టైము చూసుకుని వేసుకుంటాడు.

బడి పిల్లల వయసులో, వాళ్ళ తెలివిని బట్టి కొంచెం కొంచెంగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. దాచి ఉంచితే పిల్లలు ఇంకేదో ఊహించుకుంటారు.

ఇంట్లో చెప్పడం వేరు, వీధిలో చెప్పడం వేరు. వాడు చదివే బడిలో ఎవరో చెవిన వేస్తే, మధ్యాహ్నం భోజనానికి వాడికి వేరే తట్ట పెట్టారు. కలిసి తింటే, ఆడితే, పక్కన కూర్చుంటే ఇది అంటదు. దోమ కుట్టినా అంటదు. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈ రోగం ఉందని బడిలో వేరుగా చూడకూడదు. అవ్వ ఆ మాట గట్టిగా అడిగాకే తట్ట మారింది. చదువు రాని మనిషి, అయినా అడిగింది చూడండి!

ఇంకో కష్టం, మందుకు పోయిన రోజు కూలి పోతుంది. పైన బస్సు చార్జీ. ఆరోగ్యం కుదురుగా ఉన్నవాళ్ళకు రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే పద్ధతి ఉంది, కేంద్రంలో అడగండి.

ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి నెలల్లోనే రక్తపరీక్ష చేయించండి. ఏమీ చేయకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు అంటుతుంది. తల్లి మందు వాడి, బిడ్డకూ వేస్తే అయిదులోపే. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చు లేదు.