రెండు ఉత్తరాలు - ఒక బైండు పుస్తకం

ఇంట్లో పిల్లవాడి చదువు పూర్తయిందనగానే మన కుటుంబాలలో ఒక ప్రసంగం మొదలవుతుంది. తండ్రి పడకకుర్చీలో వాలి తనకు తెలిసిన పెద్దమనుషుల పేర్లు వేళ్ళమీద లెక్కపెడతాడు. "ఏమండీ, మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులోనే వున్నాడు కదా, ఒక ముక్క వ్రాయకూడదూ?" అంటుంది తల్లి. కుర్రవాడు మాత్రం గదిలో కూర్చుని నలభయ్యో దరఖాస్తు నింపుతూ వుంటాడు. ఫలానా పరీక్ష ఫలానా తరగతిలో ప్యాసయ్యాను, అవకాశమిస్తే శ్రద్ధగా పనిచేస్తాను - అంతే అందులో వుండేది. మొదటి దరఖాస్తుకీ నలభయ్యోదానికీ తేడా తేదీ ఒక్కటే!

సుమారు రెండువందల ఏళ్ళ క్రిందట లండన్ నగరంలో ఒక కుర్రవాడు ఇలాంటి ఉత్తరాలు రెండు వ్రాశాడు. మొదటిదానికి జవాబే రాలేదు. రెండోది అతని జాతకాన్నే మార్చివేసింది. రెండూ వ్రాసింది ఒక్కడే. అతని చదువు - అంటే చదువు లేకపోవడం - రెండుసార్లూ ఒక్కటే. మరి తేడా ఎక్కడ వచ్చినట్టు?

ఆ కుర్రవాడు మైకేల్ ఫారడే. విద్యుత్తు గురించి చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన పేరే. కాని పాఠ్యపుస్తకాలలో కనిపించేది 1831లో అయస్కాంతంతో విద్యుత్తును పుట్టించిన ఫారడే. మనకు కావలసినవాడు అంతకు ఇరవై ఏళ్ళ ముందటివాడు, చేతులకు జిగురు అంటుకున్న బైండింగు పనివాడు.

1791లో పుట్టాడు. తండ్రి కమ్మరి, పైగా రోగిష్టి. ధరలు మండిపోయిన 1801లో అతనికి ఇచ్చిన ఒక్క రొట్టెతోనే వారమంతా సరిపెట్టుకోవలసి వచ్చిందని చెబుతారు. చదవడం, వ్రాయడం, కూడికలు - బడిలో వచ్చినది అంతే. 1804లో, పదమూడో ఏట, రీబో అనే పుస్తకాల వర్తకుడి దుకాణంలో చిల్లర పనులకు కుదిరాడు. వార్తాపత్రికలు ఇంటింటికీ చేరవేయడం, అద్దెకిచ్చినవాటిని మళ్ళీ వసూలు చేసుకురావడం అతని పని. మరుసటి సంవత్సరం అదే దుకాణంలో బైండింగు నేర్చుకునేందుకు ఏడేళ్ళ ఒప్పందం వ్రాసుకున్నారు. ఆ రోజుల్లో పని నేర్పినందుకు యజమానికి రుసుము చెల్లించాలి. రీబో అదేమీ పుచ్చుకోలేదు. పుణ్యాత్ముడు!

బైండింగుకు వచ్చిన పుస్తకాలు కుట్టి, అట్టవేసి ఇచ్చేస్తే పని అయిపోతుంది. ఈ కుర్రవాడు కుట్టేముందు చదవడం మొదలుపెట్టాడు. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు మీద వున్న వ్యాసం అలాగే అతని చేతిలో పడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ సామాన్యులకోసం సంభాషణల రూపంలో వ్రాసిన రసాయన శాస్త్రమూ అలాగే పడింది. ఇంతవరకు విశేషమేమీ లేదు, చదివేవాళ్ళు చాలామంది వుంటారు. అతడు చదివినదాన్ని చేసి చూసుకున్నాడు. అక్కడే దారి వేరైంది. చేతికందిన చిల్లర డబ్బులతో సీసాలూ గాజు సామానూ కొని విద్యుత్తు పుట్టించే చిన్న యంత్రం తయారుచేశాడు. 1812లో ఏడు అర్ధపెన్నీ రాగి నాణేలు, ఏడు జింకు బిళ్ళలు, మధ్య మధ్య ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలు పేర్చి ఒక బ్యాటరీ కట్టి, ఆ సంగతి స్నేహితుడికి ఉత్సాహంగా ఉత్తరం వ్రాశాడు. తీరుబడి వేళల్లో ఈ గొడవంతా దుకాణంలోనే చేసుకోవడానికి రీబో ఒప్పుకున్నాడు. మన ఇళ్ళలో అయితే "ముందు పని చూడు, ఈ సీసాలు నీకు కూడు పెడతాయా?" అనేవాళ్ళు కాదూ?

ఇంతలో టేటమ్ అనే ఆయన సాయంకాలాలు విజ్ఞానశాస్త్ర ఉపన్యాసాలిస్తున్నాడని తెలిసింది. టిక్కెట్టు ఒక షిల్లింగు. తమ్ముడి దగ్గర అంత డబ్బు లేకపోతే, కమ్మరి పనిచేసే అన్న రాబర్టు ఇచ్చాడు. ఫారడే వెళ్ళి ఊరకే విని రాలేదు. విన్నదంతా ఇంటికి వచ్చి తిరగవ్రాసుకున్నాడు. ఉపన్యాసంలో చూపిన పరికరాలను బొమ్మలు గీయాలంటే తనకు గీత రాదు. రీబో ఇంట్లోనే బసచేసిన మాస్కెరియే అనే ఫ్రెంచి చిత్రకారుణ్ణి ఆశ్రయించి చిత్రలేఖనం నేర్చుకున్నాడు. కడకు ఆ వ్రాతప్రతులన్నీ నాలుగు సంపుటాలుగా తానే బైండుచేసి, యజమానికి అంకితం ఇచ్చాడు.

ఒకనాడు దుకాణానికి వచ్చిన డాన్స్ అనే పెద్దమనిషి ఆ సంపుటాలు చూడడం తటస్థించింది. ఆయన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యుడు. అక్కడ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలంటే లండన్ నగరం విరగబడేది. 1812 వసంతంలో డేవీ చివరి నాలుగు ఉపన్యాసాలకు డాన్స్ ఈ కుర్రవాడికి టిక్కెట్లు ఇప్పించాడు. గడియారం పైనున్న గ్యాలరీలో కూర్చుని విన్నాడు ఫారడే. మళ్ళీ అదే తంతు - వ్రాసుకోవడం, శుద్ధప్రతి తయారుచేయడం, బొమ్మలు గీయడం, బైండుచేయడం.

ఇక ఉత్తరాల సంగతి. ఒప్పందం ఇంకా పూర్తికాకముందే ఫారడే ధైర్యంచేసి రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. శాస్త్ర సంబంధమైన పని ఏదైనా సరే ఇప్పించమన్నాడు. జవాబుకోసం వెళ్ళి వాకిట్లో అడిగితే నౌకరు చెప్పిన మాట, జవాబు లేదని! లోకం తెలియని అమాయకత్వంతో వ్రాశానని తరువాత ఫారడేయే చెప్పుకున్నాడు.

1812 అక్టోబరులో ఏడేళ్ళ గడువు ముగిసింది. మరొక యజమాని దగ్గర జీతానికి చేరాడు. ఆయనకు ముక్కుమీద కోపం. ఆ రోజుల్లోనే డేవీ ఒక ప్రయోగం చేస్తూ వుండగా పేలుడు జరిగి కళ్ళకు దెబ్బ తగిలింది. కొద్దిరోజులు వ్రాతపనికి మనిషి కావలసి వచ్చి ఫారడేను పిలిచారు. ఆ నాలుగు రోజులూ అయిపోగానే మళ్ళీ జిగురూ సూదీ! డిసెంబరులో డాన్స్ ప్రోత్సాహంతో రెండో ఉత్తరం వ్రాశాడు, ఈసారి డేవీకే. ఉత్తరంతోపాటు, డేవీ ఉపన్యాసాలను తాను వ్రాసి, బొమ్మలు గీసి, బైండుచేసిన పుస్తకం పంపించాడు. దాదాపు మూడువందల పుటలకు పైమాటే.

ఆ పుస్తకం చూస్తే డేవీకి ఏమేం తెలిసివుంటుందో కాస్త ఊహించండి. చెవి శ్రద్ధగా విన్నదని తెలుస్తుంది. బుద్ధి పట్టుకున్నదని తెలుస్తుంది. పరికరాన్ని చూసి దాని నిర్మాణం గ్రహించగలడని బొమ్మలు చెబుతాయి. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే రకం కాదని ఆ బైండే చెబుతుంది. ప్రయోగశాలలో సహాయకుడు చేయవలసిన పని మాత్రం ఇంకేముంది? అంటే ఉద్యోగం ఇవ్వమని అడగక ముందే ఆ ఉద్యోగం నాలుగుసార్లు చేసి చూపించాడన్నమాట. బ్యాంక్స్‌కు వ్రాసిన ఉత్తరంలో కోరిక ఒక్కటే వుంది. డేవీకి వ్రాసినదానితో సాక్ష్యం కూడా వెళ్ళింది. ఇంకొకటి కూడా వుంది. డేవీ తానుకూడా ఒక మందులషాపులో పని నేర్చుకుంటూ సొంతంగా రసాయన శాస్త్రం చదువుకున్నవాడు. ఆ పుటల వెనుక ఎన్ని రాత్రుళ్ళు కరిగిపోయాయో ఆయనకు తెలియదూ?

అయినా వెంటనే పని దొరకలేదు. డిసెంబరు 24న మర్యాదగా జవాబు వచ్చింది. జనవరిలో పిలిచి మాట్లాడాడు. ఖాళీ లేదు, శాస్త్రంలో కష్టం ఎక్కువ, డబ్బు తక్కువ, బైండింగు వదులుకోవద్దు అని హితవు చెప్పి పంపాడు. మన పెద్దలు చెప్పేదే! తరువాత ఫిబ్రవరిలో అక్కడి సహాయకుడొకడు పరికరాలు తయారుచేసే ఆయనతో కలియబడి కొట్టినందుకు పని పోగొట్టుకున్నాడు. డేవీకి ఆ బైండు పుస్తకం కుర్రవాడు జ్ఞాపకం వచ్చాడు. 1813 మార్చి 1న ఫారడే చేరాడు. జీతం వారానికి 25 షిల్లింగులు, మేడమీద రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు. ఆ సంవత్సరం చివర మొదలైన యూరపు యాత్రలో సహాయకుడి పనితోపాటు డేవీకి పరిచారకుడి పనీ చేయవలసి వచ్చింది. డేవీ భార్య అతణ్ణి నౌకరుగానే చూసేది. ఇంటికి తిరిగి వెళ్ళిపోదామా అనుకున్న సందర్భాలు వున్నాయి. పని దొరకడంతో అవమానాలు తీరిపోతాయని ఎవరూ అనుకోకూడదు.

"అంతా అదృష్టమండీ. డాన్స్ దుకాణానికి రాకపోతే? ఆ సహాయకుడు చెయ్యి చేసుకోకపోతే?" అనవచ్చు. నిజమే, కాదనను. ఫారడేతోపాటు టేటమ్ ఉపన్యాసాలు విన్న ఎందరో కుర్రవాళ్ళ పేర్లు మనకు తెలియవు. కాని డాన్స్ వచ్చిననాడు దుకాణంలో ఆ నాలుగు సంపుటాలు లేకపోతే ఆయన తన పుస్తకం తాను పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

ఇలాంటి కథ ఒకటి మన నెల్లూరు గడప తొక్కింది. కుంభకోణం ఇంటి అరుగుమీద పలక ఒళ్ళో పెట్టుకుని లెక్కలు చేసుకునే శ్రీనివాస రామానుజన్‌కు గణితం తప్ప మరొకటి పట్టలేదు. కాలేజీలో స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయాడు. తరువాత మద్రాసులో మరో కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. 1909లో పెళ్ళయింది. పట్టా లేదు, పని లేదు. వున్నదల్లా సొంతంగా కనిపెట్టిన సూత్రాలు వ్రాసుకున్న నోటుబుక్కులు. వాటిని చంకనపెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. 1910 చివర నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి ముందు నిలబడ్డాడు. గడ్డం పెరిగిన ఆ మనిషిని చూచి ఆయన మొదట నమ్మలేదు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పిలిపించి మాట్లాడాక నమ్మాడు. ఏం కావాలని అడిగితే, గణితం చేసుకునేటందుకు తిండికి లోటులేకుండా వుంటే చాలునన్నాడట. రావుగారు నెలకు 25 రూపాయలు తన చేతి డబ్బు ఇచ్చి మద్రాసు పంపించాడు. 1912లో పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తాగిరీ దొరికింది. చేరిన తేదీ మార్చి 1 - ఫారడే చేరిన తేదీయే! 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలో హార్డీకి సూత్రాలతో నిండిన ఉత్తరం వ్రాయడం, 1914లో ఓడ ఎక్కడం అందరికీ తెలిసిన చరిత్ర.

హార్డీ కంటే ముందు మరో ఇద్దరు కేంబ్రిడ్జి ఆచార్యులకు రామానుజన్ వ్రాశాడు. వారు పట్టించుకోలేదు. కాగితం కొనలేక పలకమీద చేసి, ఫలితం మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కించిన అలవాటువల్ల అందులో నిరూపణలు లేవు. ఎంత గొప్ప పని అయినా చూచేవాడికి అంతుపట్టకపోతే బల్లమీదే వుండిపోయే ప్రమాదం వుంది. ఈ విషయంలో ఫారడే గడుసువాడు. ఎవరు తెరిచినా చదువుకోగల పుస్తకం తయారుచేశాడు. మరొక సంగతి: పగటి పని ఎగ్గొట్టలేదు, ఏడేళ్ళ ఒప్పందమూ పూర్తిచేశాడు. రామానుజన్ ఆకలి పడ్డాడు. అంచేత, సొంత పని వుంది కదా అని పరీక్ష వదిలేస్తానన్న కుర్రవాడికి నేను మాత్రం ఫారడే దారే చూపిస్తాను.

మన కాలంలో ఈ పని కొంత సులువైంది. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి, వాయిదాలమీద కొన్న కంప్యూటరుకోసం సరదాగా ఒక కార్యక్రమం వ్రాసి, ఎవరైనా చూచి దిద్దవచ్చునని నలుగురి ముందూ పెట్టాడు. అదే లైనక్స్. 1997లో కాలిఫోర్నియా కంపెనీ ఒకటి అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకునేనాటికి అతనేం చేయగలడో లోకానికంతా తెలుసు. అతనికి డాన్స్ దొర అవసరం లేకపోయింది.

అందరూ ఫారడేలూ టోర్వాల్డ్సులూ కానక్కరలేదు. లెక్కల ఉద్యోగం కావాలనుకునే అమ్మాయి వీధి చివర కిరాణా దుకాణం జమాఖర్చులు ఒక ఏడాదిపాటు వ్రాసి, ఏ సరుకుమీద ఎంత మిగిలిందో తేల్చిన పుస్తకం వెంట తీసుకువెళితే, ఎదుటివాడు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు. కట్టడాలు నేర్చుకునే కుర్రవాడు తన ఊరి చెరువు తూమును కొలిచి, గీసి, ఎక్కడ నీరు వృథా అవుతున్నదో వ్రాసి పెట్టుకోవచ్చు. చిన్నదైనా పూర్తికావాలి, ఇతరులకు చూపించగలిగేట్టు వుండాలి. ఇక తల్లిదండ్రులు చేయగలిగినది రీబో చేసినంతే - గదిలో ఒక మూల, కాస్త ఓపిక. అవసరమైతే రాబర్టు ఇచ్చిన షిల్లింగు. ఒక హెచ్చరిక కూడా: "ముందు ఊరికే చేసి చూపించు" అంటూ నెలలకొద్దీ తమ పని చేయించుకునే పెద్దమనుషులు కొందరుంటారు. అది మన పని కాదు, వాళ్ళ పని.

ఫారడే 1867లో చనిపోయాడు. డేవీకి పంపిన ఆ బైండు పుస్తకం లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ భద్రంగా వుంది. బ్యాంక్స్‌కు వ్రాసిన ఉత్తరం మాత్రం దొరకలేదు.