వానలో తడిసిన బ్రేకులు ఎందుకు బిగుసుకుపోతాయి?

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్ళే రైలు మార్గంలో కర్గీ రోడ్ ఒక చిన్న స్టేషను. ఊరి పేరు కోటా, స్టేషను పేరు మాత్రం కర్గీ రోడ్. సి.వి. రామన్ పేరుతో 2006లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఈ ఊళ్ళోనే ఉంది. బిలాస్‌పూర్ ప్రాంతపు రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. మా మేనమామ కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, ఒక ఆగస్టు నెలలో, వాళ్ళింటికి వెళ్ళాను.

వెళ్ళిన రోజు నుంచీ ముసురు. సాయంత్రం గుంటల నిండా నీళ్ళున్న రోడ్డు మీద తిరిగివచ్చి, కారును క్వార్టర్ ముందు నిలిపి, మావాడు హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉంచాడు. మూడు రోజులు కారు కదల్లేదు. నాలుగో రోజు తెల్లవారుజామున మామయ్యకు ఛాతీలో నొప్పిగా ఉందంటే బిలాస్‌పూర్ ఆసుపత్రికి బయలుదేరాం. ఇంజను స్టార్టయింది. హ్యాండ్ బ్రేకు లివరు కిందికి దిగింది. క్లచ్ వదిలితే కారు వెనకభాగం కాస్త కుంగి, ఇంజను ఆగిపోయింది. మావాడు ఈసారి ఇంజను బాగా రేజ్ చేసి క్లచ్ వదిలాడు. ‘టప్’మని పెద్ద చప్పుడు, కారు ముందుకు ఉరికింది. పక్క క్వార్టర్లో ఉండే ఫిట్టరు ఒకాయన పరుగెత్తుకొచ్చి, “ఆపండి బాబూ, లైనింగు ఊడొచ్చి ఉంటుంది. ఈ బండిలో పెద్దాయన్ని తీసుకెళ్ళకండి” అన్నాడు. మామయ్యను రైల్లోనే తీసుకువెళ్ళాం. అదృష్టం బాగుండి పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. ఆ సాయంత్రం చక్రం విప్పి చూస్తే ఫిట్టరు చెప్పిందే నిజం. ఎడమవైపు వెనక చక్రంలో ఒక బ్రేకు షూ మీది లైనింగు సగం పైగా ఊడి, డ్రమ్ముకు అతుక్కుని ఉంది!

ఒక పూట వానకు తడిసిన ఇనుము మూడు రోజుల్లో ఇంత గట్టిగా ఎలా అతుక్కుంటుంది? సమాధానంలో కొంత భాగం కర్గీ రోడ్ ప్లాట్‌ఫారం మీదే కనిపిస్తుంది. రోజూ రైళ్ళు నడిచే పట్టాల తల అద్దంలా మెరుస్తుంటుంది. వ్యాగన్లు ఎప్పుడో గాని రాని సైడింగు పట్టాల తల ఎర్రగా తుప్పుపట్టి ఉంటుంది. రెండూ ఒకే రకం ఉక్కు, రెండింటి మీదా పడేది ఒకే వాన. మొదటి దానిమీద ఏర్పడిన తుప్పును చక్రాలు ఎప్పటికప్పుడు తుడిచివేస్తున్నాయి, అంతే తేడా. బ్రేకు డిస్కు, డ్రమ్ము కూడా ఇలాంటివే. వాటికి రాపిడి తప్ప వేరే రక్షణ లేదు.

రంగు వేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రంగు గాని నూనె గాని పూస్తే ఘర్షణ ఉండదు, బ్రేకూ ఉండదు. మరి తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు? ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 1,39,000 జౌళ్ళు. ఆగేలోపు ఇదంతా వేడిగా మారాలి. ఆ వేడితో దాదాపు అర లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవచ్చు. కొద్ది సెకన్లలో పుట్టే ఈ వేడిని లోహం తనలోకి లాక్కోగలగాలి. మనం వంటపాత్రలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలు ఉష్ణవాహకత పోత ఇనుముతో పోలిస్తే ఇంచుమించు మూడో వంతే. పైగా పోత ఇనుము చవక, అచ్చు పోయడం సులభం, కీచుమనే కంపనాలను కూడా అణచివేస్తుంది. మోటారు సైకిళ్ళ డిస్కులకు ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడుతున్నారు. అక్కడ బరువు తక్కువ, డిస్కు గాలికి తెరిచి ఉంటుంది. కార్లలో మాత్రం పోత ఇనుముదే రాజ్యం.

ఆ పోత ఇనుములో మూడు నాలుగు శాతం కార్బన్ ఉంటుంది. అందులో చాలా భాగం సన్నని గ్రాఫైటు రేకులుగా విడిపోయి ఉంటుంది. తడి తగలగానే ప్రతి రేకూ, దాని పక్కనున్న ఇనుమూ కలిసి ఒక చిన్న విద్యుత్ ఘటంలా పనిచేస్తాయి. ఇనుము ఆనోడ్. దాని పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లను వదిలి ఫెర్రస్ అయాన్లుగా నీటిలోకి పోతాయి. ఆ ఎలక్ట్రాన్లను గ్రాఫైటు దగ్గర నీరు, ఆక్సిజన్ అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుతాయి. రెండు రకాల అయాన్లు కలిసి, మరికొంత ఆక్సిజన్ తీసుకుని, మనం తుప్పు అనే ఎర్రని పదార్థమవుతాయి. దీనికి వాన కురుస్తూనే ఉండనవసరం లేదు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం దాటితే చాలు, కంటికి కనిపించని తేమపొర ఇనుము మీద నిలుస్తుంది. పొర ఎంత పలుచనైతే దాని గుండా ఆక్సిజన్ అంత తొందరగా లోహాన్ని చేరుతుంది. అందుకే కారు కడిగిన మర్నాడు కూడా డిస్కుల మీద నారింజ రంగు పూత కనిపిస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది.

అసలు చిక్కు కనిపించని చోట ఉంది. 1920లలో కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ అనే శాస్త్రవేత్త ఇనుము మీద ఒకే ఒక ఉప్పునీటి చుక్క ఉంచి తుప్పును పరిశీలించాడు. మీ కాలేజీ ప్రయోగశాలలో మీరూ చేయవచ్చు. గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేసిన ఇనుప రేకు మీద, కొద్దిగా పొటాషియం ఫెర్రిసైనైడ్, ఫినాఫ్తలీన్ కలిపిన ఉప్పునీటి చుక్క ఒకటి వేయండి. కొంతసేపటికి చుక్క అంచు గులాబీ రంగుకు, మధ్యభాగం నీలానికి తిరుగుతాయి. నీలం వచ్చిన చోట ఇనుము కరుగుతున్నది. ఆక్సిజన్ బాగా అందేది అంచుకు, కాని దెబ్బతినేది ఆక్సిజన్ అందని మధ్యభాగం!

ఇప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి ఉన్న డ్రమ్మును ఊహించండి. షూ లైనింగు తడి గుడ్డలా నీటిని పట్టుకుని ఇనుముకు అదుముకుని ఉంటుంది. చుట్టూ గాలి తగులుతుంది, కింద తగలదు. అంటే చుక్క మధ్యభాగమన్నమాట. డ్రమ్ము మూసి ఉండే పెట్టె కనుక లోపలి తేమ తొందరగా ఆరదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. చోటు లేక లైనింగు రంధ్రాల్లోకి ఎక్కుతుంది. లైనింగులో, బ్రేకు పొడిలో ఉన్న ఇనుప రేణువులు కూడా తుప్పుపట్టి దానితో కలుస్తాయి. రెండు ఇటుకల మధ్య సిమెంటు గట్టిపడినట్టే. ఇది చాలదన్నట్టు, వేడిమీద ఉన్న డ్రమ్ము చల్లబడి కొద్దిగా సంకోచించి షూలను మరింత బిగిస్తుంది. అప్పుడు బలవంతంగా లాగితే, ఏ అతుకు బలహీనంగా ఉంటే అది విడిపోతుంది. మా విషయంలో అది షూకూ లైనింగుకూ మధ్య ఉన్న అతుకు. ఆ చక్రానికి ఇక సరిగా బ్రేకు పడదు, గట్టిగా తొక్కితే కారు ఒక పక్కకు లాగుతుంది. మామయ్యతో ఆ కారులో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఫిట్టరుగారు ఆ సాయంత్రం చెప్పినవి నేను ఇప్పటికీ పాటిస్తున్నాను. నీళ్ళలోంచి వచ్చాక, వెనక బండ్లు లేవని చూసుకుని, నెమ్మదిగా పోతూ బ్రేకును పలుమార్లు మెల్లగా తొక్కితే ఆ వేడికే తడి ఆరుతుంది. చదునైన చోట కారును రోజుల తరబడి ఉంచవలసివస్తే గేరులో పెట్టి, చక్రాలకు రాళ్ళు ఆనించి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ఏటవాలులో మాత్రం హ్యాండ్ బ్రేకు వేయక తప్పదు. అప్పుడు ఒకటి రెండు రోజులకోసారి బండిని కదిలించడం మేలు. పట్టేసిన బ్రేకును మొదటి గేరులో, రివర్సులో మృదువుగా ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. వదలకపోతే మెకానిక్ వచ్చి డ్రమ్ము చుట్టూ సుత్తితో తట్టి విడదీస్తాడు.

తడి బ్రేకు ఆయిలునూ వదలదు. అది గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకునే ద్రవం. డాట్-3 రకం కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిలు మరిగి బుడగలు పుడితే పెడలు తొక్కినా బ్రేకు అందదు. ఆ నీరే లోపల సిలిండర్లకూ తుప్పు పట్టిస్తుంది. ఆయిలును సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చమనేది ఇందుకే.

ఇదంతా వాన తడి సంగతి. వరదలో మునిగిన బండి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. అటువంటి బండి డ్రమ్ముల్లోకి నీటితోపాటు ఒండ్రు మట్టి కూడా చేరుతుంది. బ్రేకును మెల్లగా తొక్కి ఆరబెట్టే చిట్కా అక్కడ పనికిరాదు. నాలుగు చక్రాలూ విప్పి, మట్టి కడిగి, లైనింగులు చూసి, బ్రేకు ఆయిలు మార్చాకే దాన్ని రోడ్డు ఎక్కించాలి.